స్కిల్, డెక్స్టెరిటీ, డెఫ్ట్, నాక్: చేతి నేర్పుకు ఇంగ్లీషులో ఏ మాట ఎక్కడ?

శ్రీకాళహస్తి కలంకారీ పనివారి గురించి ఇంగ్లీషులో ఒక పరిచయ వ్యాసం రాస్తున్నానని, అందులో 'స్కిల్' అనే మాట పద్నాలుగు సార్లు వచ్చిందని, దాన్ని తగ్గించడానికి డెక్స్టెరిటీ, డెఫ్ట్, అడ్రాయిట్, నాక్, క్రాఫ్ట్, టాలెంట్, ప్రావెస్ వంటి మాటలను అక్కడక్కడా పెట్టి చూశానని మీరు రాశారు. నిఘంటువు తెరిస్తే వీటన్నిటికీ నేర్పు, నైపుణ్యం, చాతుర్యం అనే మూడు అర్థాలే తిరిగి తిరిగి కనిపిస్తున్నందువల్ల ఏది ఎక్కడ సరిపోతుందో తేలడం లేదని అడిగారు. మీరు జతచేసిన రెండు పేజీలూ పూర్తిగా చదివాను. ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లీషు పాఠాలు చెబుతూ, చేనేత, హస్తకళల ప్రదర్శనల కోసం అచ్చయ్యే ఇంగ్లీషు పుస్తకాలను దిద్దుతూ వస్తున్నాను కాబట్టి ఈ ప్రశ్నకు కొంచెం వివరంగానే జవాబు చెబుతాను.

అన్నిటికంటే ముందు చేయవలసిన దిద్దుబాటు ఒకటి ఉంది. మూడో పేరాలో, మీ వ్యాసానికి కేంద్రమైన ఆ కలంకారీ పెద్దాయన చేతి లాఘవాన్ని మెచ్చుకుంటూ మీరు 'లైట్ ఫింగర్డ్' అని రాశారు. దాన్ని వెంటనే తీసేయండి. లాఘవం అంటే తేలికదనం కనుక 'లైట్', హస్తం కనుక 'ఫింగర్' అనుకోవడం సహజమే గానీ, ఇంగ్లీషులో ఆ మాటకు అర్థం చేతివాటం గలవాడని, అంటే చిల్లర దొంగతనాలు చేసేవాడని. మన 'చేతివాటం' నడిచిన దారీ ఇటువంటిదే. 'ఎడమచేతి వాటం' అన్నప్పుడు ఏ దోషమూ లేని ఆ మాట, ముందున్న 'ఎడమ' తొలగిపోగానే దొంగతనం అవుతుంది. హస్తలాఘవానికి అక్షరాలా సరిపోయే మాట ఇంగ్లీషులో 'లెజర్డమెయిన్'. ఫ్రెంచిలో చేతి తేలికదనం అని చెప్పే పదబంధం నుంచి అది వచ్చింది. అయితే అది గారడీ ప్రదర్శనకే స్థిరపడిపోయి, ఆ తరువాత కళ్లుగప్పే లెక్కలకూ మాటలకూ వాడుకలోకి వచ్చింది కాబట్టి అదీ మీకు పనికిరాదు.

ఇటువంటి పొరపాటు నా చేతుల్లోనూ ఒకసారి జరిగింది. ఇరవై ఏళ్ల కిందట ఒక చేనేత ప్రదర్శన పుస్తకాన్ని దిద్దుతున్నప్పుడు, 'క్రాఫ్ట్' నుంచి వచ్చిందే కదా అని 'క్రాఫ్టీ వీవర్స్' అన్న మాటను అలాగే వదిలేశాను. పుస్తకం అచ్చయి వచ్చాక, అందులో ఫొటో ఉన్న ఒక నేతగాడి కొడుకు, డిగ్రీ చదువుతున్న కుర్రవాడు, నా దగ్గరికి వచ్చి, 'మా నాన్నను జిత్తులమారి అని ఎందుకు రాశారు సార్?' అని అడిగాడు. మిగిలిన ప్రతులన్నిటిలో ఆ మాటను నా చేత్తోనే కొట్టేశాను గానీ, అప్పటికే పంచిన ప్రతులను వెనక్కి తెప్పించడం సాధ్యం కాలేదు. ఆనాటి నుంచి నేర్పును చెప్పే ఏ ఇంగ్లీషు మాటనైనా దాని పుట్టుపూర్వోత్తరాలు, నేటి వాడుక రెండూ చూడకుండా నేను కాగితం మీద ఉండనివ్వను.

ఎందుకంటే ఈ రంగంలో మాటలు చాలా తేలికగా మోసం వైపు జారిపోతాయి. పాత ఇంగ్లీషులో 'క్రాఫ్ట్' అంటే బలం, శక్తి. జర్మన్‌లో ఆ మాట నేటికీ శక్తి అనే అర్థంలోనే ఉంది. ఇంగ్లీషులో అది బలం నుంచి చేతిపనిలోని బలానికి, అంటే నేర్పుకు వచ్చింది. అక్కడి నుంచి 'క్రాఫ్టీ' ఒక్కటి చీలిపోయి కుయుక్తి దగ్గర ఆగింది. 'కన్నింగ్' కూడా అంతే. తెలుసుకోవడం, చేయగలగడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన ఆ మాట ఒకప్పుడు విద్వత్తుకూ పనితనానికీ గౌరవవాచకం. 1611లో అచ్చయిన ఇంగ్లీషు బైబిలులో నూట ముప్పై ఏడో కీర్తన, యెరూషలేమును మరచిపోతే నా కుడిచేయి తన 'కన్నింగ్' మరచిపోవుగాక అంటుంది. తెలుగు బైబిలులో సరిగ్గా అదే చోట 'నేర్పు' అనే మాట ఉంది. నాలుగు శతాబ్దాల కిందట నేర్పుకు సమానమైన ఆ మాటను ఈనాడు ఒక చేతిపనివాడికి వాడితే అది తిట్టవుతుంది. 'ఆర్ట్‌ఫుల్' మాట కూడా మనుషుల విషయంలో ఇదే కోవకు చెందుతుంది.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. ఈ మాటలన్నీ ఒకే కొలతబద్ద మీద ఎక్కువ తక్కువలుగా ఉన్న గీతలని మీరు అనుకున్నట్టున్నారు. అందుకే ఒకదాని బదులు మరొకటి పెట్టగలిగారు. నా అనుభవంలో వాటి మధ్య తేడా పరిమాణంలో లేదు, నేర్పు ఎక్కడ నివసిస్తుందన్న దానిలో ఉంది. కొన్ని మాటలు నేర్పును వేళ్లలో చూస్తాయి, కొన్ని కంటిలో, కొన్ని పుట్టుకలో, కొన్ని ఏళ్ల సాధనలో, కొన్ని తయారైన వస్తువులో చూస్తాయి. ఈ విభజన తెలుగువారికి కొత్తది కాదు. ఒడుపు, లాఘవం, మెళకువ, పనితనం, ప్రావీణ్యం, చాకచక్యం అనే మాటలను మనం ఒకదాని చోట మరొకటి వాడము. నీళ్లబిందె చంకకు ఎత్తుకోవడంలో ఒడుపు ఉంటుంది, పట్టుచీర అంచులో పనితనం ఉంటుంది, తగవు తీర్చడంలో చాకచక్యం ఉంటుంది. ఇంగ్లీషు మాట కోసం వెతికే ముందు మీరు చెప్పదలచినది ఈ తెలుగు మాటల్లో ఏదో తేల్చుకుంటే సగం పని అయిపోతుంది.

'డెక్స్టెరిటీ' చేతిలో ఉండే నేర్పు. లాటిన్‌లో 'డెక్స్టర్' అంటే కుడి, కుడివైపు. కుడిచేతితో చేసినట్టు తేలికగా, తడబాటు లేకుండా చేయడం దాని మూలార్థం. ఆ లాటిన్ మాటా మన 'దక్షిణ' శబ్దమూ ఒకే మూలం నుంచి పుట్టినవని భాషాశాస్త్రజ్ఞులు ఏనాడో నిర్ధారించారు. తూర్పుముఖంగా నిలబడినవాడికి కుడివైపు ఉండేది దక్షిణ దిక్కు, దేవుణ్ణి కుడివైపు ఉంచుకుని తిరిగేది ప్రదక్షిణ. మనం రోజూ వాడే కార్యదక్షతలోని 'దక్ష' కూడా ఆ కుటుంబానికి చెందినదే. ఆసుపత్రిలో సెలైన్ సీసా మీద కనిపించే 'డెక్స్ట్రోస్'లోనూ ఆ లాటిన్ కుడిచేయే ఉంది, ఆ చక్కెర ద్రావణం ధ్రువిత కాంతిని కుడివైపుకు తిప్పుతుంది కనుక దానికి ఆ పేరు పెట్టారు.

రెండు చేతులతోనూ సమానంగా పనిచేయగలవాణ్ణి ఇంగ్లీషులో 'ఆంబిడెక్స్ట్రస్' అంటారు. దాన్ని విడదీస్తే రెండు వైపులా కుడిచేయి ఉన్నవాడని అర్థం వస్తుంది. ఇది చదివినప్పుడల్లా నాకు విరాటపర్వంలో అర్జునుడు ఉత్తరకుమారుడికి తన పది పేర్లను వివరించే ఘట్టం గుర్తుకు వస్తుంది. గాండీవాన్ని లాగడంలో నా రెండు చేతులూ కుడిచేతులే, అందుకే నన్ను సవ్యసాచి అంటారని అక్కడ అర్జునుడు చెబుతాడు. రెండు భాషలవారూ ఎడమచేతి సామర్థ్యాన్ని మెచ్చుకోవడానికి దాన్ని కుడిచేతిగా ఊహించుకోవలసి వచ్చింది. ఎడమకు యూరప్ భాషల్లో దక్కిన గౌరవం మరీ తక్కువ. లాటిన్‌లో ఎడమ అనే అర్థమున్న 'సినిస్టర్' ఇంగ్లీషులో కీడు తలపెట్టేదిగా మారింది. ఫ్రెంచిలో ఎడమ అయిన 'గోష్' ఇంగ్లీషులో నలుగురిలో మెలగడం తెలియని మొరటుతనానికి పేరైంది. మన దగ్గర ఒక విశేషం జరిగింది. సంస్కృతంలో 'సవ్యం' అంటే ప్రధానంగా ఎడమ. దేవకార్యాల్లో జంధ్యం ఎడమ భుజం మీద ఉండాలి, పితృకార్యాల్లో కుడి భుజం మీదికి మారాలి అనే ఆచారం వల్ల ఎడమవైపున ఉండటమే సరైన తీరుగా స్థిరపడి, తెలుగులో 'సవ్యంగా' అంటే సక్రమంగా అని అర్థం వచ్చింది. ఎడమను చెప్పే మాట మంచి అర్థానికి ఎదగడం నాకు తెలిసినంతలో చాలా అరుదు.

వాడుక విషయానికి వస్తే, 'డెక్స్టెరిటీ' కొలవదగిన, వేళ్లకు సంబంధించిన సామర్థ్యం. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో జోసెఫ్ టిఫిన్ 1948లో దీన్ని కొలవడానికి ఒక పలకను రూపొందించాడు. దాని మీద రెండు వరుసల్లో సన్నని రంధ్రాలు ఉంటాయి. పరీక్షకు కూర్చున్నవారు చిన్న చిన్న పిన్నులను 30 సెకన్లు కుడిచేత్తో, 30 సెకన్లు ఎడమచేత్తో, 30 సెకన్లు రెండు చేతులతో గుచ్చాలి. ఆ తరువాత ఒక నిమిషం పాటు పిన్ను, వాషరు, కాలరు, మళ్లీ వాషరు చొప్పున కూర్చుకుంటూ పోవాలి. ఎన్ని అమర్చారన్నదే వారి 'డెక్స్టెరిటీ'. ఈ పరీక్షలో అందరికంటే ఎక్కువ పిన్నులు గుచ్చిన యువకుడికి కలం ఇస్తే అమ్మవారి కనుబొమ గీయగలడా? గీయలేడు. వేళ్లు ఎంత చురుకుగా ఉన్నా, ఏమి గీయాలో ఎక్కడ ఆగాలో తెలియడం వేరు. మీరు 'ముప్పై ఏళ్ల డెక్స్టెరిటీ' అని రాసిన చోట నాకు అభ్యంతరం కలగడానికి కారణం ఇదే. ఏళ్లు గడిచేకొద్దీ పెరిగేది నేర్పు. వేళ్ల చురుకుదనం వయసుతో తగ్గుతుంది కూడా. డెబ్బై ఏళ్ల పనివాడికి 'డెక్స్టెరిటీ' తగ్గి 'స్కిల్' పెరగవచ్చు, ఈ తేడా చూపించగలిగితే మీ వ్యాసానికి ప్రాణం వస్తుంది.

'డెఫ్ట్' నాకు చాలా ఇష్టమైన మాట. ఇది ఒక మనిషి మొత్తం సామర్థ్యాన్ని చెప్పదు, ఒక్క కదలికను చెబుతుంది. ఆ కదలిక వేగంగా ఉండాలి, తేలికగా ఉండాలి, వస్తువుకు నొప్పి తెలియనంత మెత్తగా ఉండాలి. పాత ఇంగ్లీషులో దీని మూలానికి సాధువైన, మృదువైన అనే అర్థం ఉండేది. ఆ మృదుత్వం నుంచే ఒక కొమ్మ 'డెఫ్ట్'గా నేర్పు వైపుకూ, మరో కొమ్మ 'డాఫ్ట్'గా తెలివితక్కువతనం వైపుకూ పోయాయి. మాయ తెలియని మంచివాణ్ణి చెప్పవలసిన మన 'అమాయకుడు' లోకజ్ఞానం లేనివాడి దాకా జారినట్టే అనుకోండి. పూలు మాల కట్టే ఆవిడ దారాన్ని ఒక్క తిప్పు తిప్పి ముడి బిగించడం 'డెఫ్ట్'. అదే దారం తిప్పడంలో వేగమూ చురుకుదనమూ మాత్రమే చెప్పాలంటే 'నింబుల్' సరిపోతుంది, మెత్తదనం అందులో లేదు. వీటికి వ్యతిరేకమైన 'క్లమ్సీ' పుట్టుక కూడా చూడదగినది. అది చలికి మొద్దుబారడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది, అంటే వేళ్లు కొంకర్లు పోయినవాడు వస్తువును పట్టుకునే తీరు. ఆ చల్లని దేశపు చలికాలం ఆ ఒక్క మాటలో కనిపిస్తుంది.

'అడ్రాయిట్' మొదట్లో చేతి నేర్పుకూ చెల్లేది గానీ, ఈనాడు ఎక్కువగా మనుషులనూ పరిస్థితులనూ సంబాళించడంలోని చాకచక్యానికి వాడుతున్నారు. సభలో చిక్కు ప్రశ్నను తప్పించుకున్న మంత్రి 'అడ్రాయిట్'. సరుకు ధర విషయంలో దళారితో గొడవ రాకుండా, తాను నష్టపోకుండా మాట్లాడగలిగిన మీ కలంకారీ పెద్దాయన భార్య కూడా 'అడ్రాయిట్'. మీ రెండో పేజీలో ఆవిడ గురించి రాసిన వాక్యంలోకి ఈ మాటను తీసుకెళ్లి, గీత గీయడం గురించి రాసిన వాక్యం నుంచి తొలగించండి.

'నాక్' మన ఒడుపు, కిటుకు. నేర్పితే రానిది, చేస్తూ చేస్తూ ఒకనాటికి పట్టుబడేది. కొబ్బరికాయ ఒక్క దెబ్బకు సమంగా పగలడం, మొరాయించే తాళం తెరుచుకోవడం వంటివి దీని కిందికి వస్తాయి. ఇది కొంచెం ఇంటిభాష మాట కూడా. తప్పు మాట తప్పు సమయంలో అనేవాడికి సైతం ఆ విషయంలో 'నాక్' ఉందంటారు. ఒకరి జీవితకాల సాధనను 'నాక్' అనడం దాన్ని చిన్నది చేయడమే. మీరు ఆయన కళకు వాడిన చోట తీసేసి, కలాన్ని రంగులో ముంచి అదనపు చుక్కను గిన్నె అంచుకు విదిలించే చిన్న పనికి వాడుకోండి. అక్కడ చక్కగా ఒదుగుతుంది.

మీరు భయపడి తగ్గించాలనుకున్న 'స్కిల్' నిజానికి చెడ్డ మాట కాదు. స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవారి భాషలో దానికి అర్థం భేదం, వివేచన. ఇది వేరు, అది వేరు అని గుర్తించగలగడం. ఇంగ్లీషులోకి వచ్చిన తొలినాళ్లలో కూడా దానికి వివేకం, యుక్తాయుక్త జ్ఞానం అనే అర్థాలే ఉండేవి, చేతిపని తరువాత చేరింది. మన 'కుశల' శబ్దానికి సంప్రదాయం చెప్పే వ్యుత్పత్తి దీనికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. కుశ అంటే దర్భ, దర్భలను ఏరి తెచ్చేవాడు కుశలుడు. అంచు పదునుగా ఉండే దర్భను చేయి తెగకుండా, పనికివచ్చేదాన్నే ఎంచి తేవాలంటే వివేచన కావాలి. అలంకారశాస్త్రంలో రూఢి లక్షణకు, అంటే మాట తన మూలార్థాన్ని వదిలి వాడుకలో స్థిరపడిన మరో అర్థాన్ని చెప్పడానికి, 'కర్మణి కుశలః' (పనిలో నేర్పరి) అన్నదాన్ని ఉదాహరణగా చెప్పి, దర్భకూ నేర్పుకూ మధ్య ఉన్న సంబంధం ఆ వివేచనేనని వివరిస్తారు. వీణ బాగా వాయించేవాణ్ణి చెప్పిన 'ప్రవీణ' కూడా ఇలాగే ఏ విద్యలోనైనా ఆరితేరినవాడికి వర్తించింది. కాబట్టి కన్ను, బుద్ధి, చేయి మూడూ కలిసే చోట 'స్కిల్'ను ధైర్యంగా ఉంచండి. ఈ మాట మన దేశంలో కొంత రుచి కోల్పోవడానికి కారణం వేరే ఉంది. 2014లో కేంద్రంలో నైపుణ్యాభివృద్ధికి ప్రత్యేక మంత్రిత్వ శాఖ ఏర్పడిన నాటి నుంచి 'స్కిల్' అంటే మూడు నెలల శిక్షణ, చివర ఒక సర్టిఫికెట్ అనే భావన మన ఇంగ్లీషులో బలపడింది. మరో సూక్ష్మం కూడా గమనించండి. 'స్కిల్డ్' అంటే శిక్షణ పొందినవాడు, అది మనిషి హోదా. 'స్కిల్‌ఫుల్' అంటే నేర్పుగా జరిగినది, అది పని తీరు. కూలి రేట్ల పట్టికలో మొదటిది ఉంటుంది, మీ వ్యాసంలో ఎక్కువ చోట్ల రెండోది ఉండాలి.

'టాలెంట్' విషయంలో నేను కొంచెం గట్టిగానే చెబుతాను. గ్రీకులో 'తలాంతోన్' ఒక తూకం, ఆ తూకపు వెండి బంగారాల విలువ. మత్తయి సువార్త ఇరవై అయిదో అధ్యాయంలో యజమాని తన దాసులకు తలాంతులు అప్పగించి వెళ్లే ఉపమానం వల్ల దేవుడిచ్చిన సహజ సామర్థ్యం అనే అర్థం ఆ మాటకు వచ్చింది. తెలుగు క్రైస్తవులు నేటికీ పాట పాడగలిగినవారికి దేవుడు మంచి తలాంతు ఇచ్చాడంటారు, ఆ వాడుకలో మూలార్థం చెక్కుచెదరలేదు. అంటే 'టాలెంట్' ఇచ్చినది, సంపాదించినది కాదు. పదేళ్ల వయసులో తండ్రి పక్కన కూర్చుని అంచులు నింపడంతో మొదలుపెట్టి, ఇరవై ఏళ్ల వయసు వస్తే గానీ ముఖాలు గీయడానికి అనుమతి దొరకని మనిషిని మీరు 'టాలెంటెడ్ ఆర్టిసాన్' అంటే ఆ పదేళ్ల శ్రమ ఒక్క విశేషణంతో చెరిగిపోతుంది. 'గిఫ్టెడ్' కూడా ఇటువంటిదే. మీ రెండు పేజీల్లో ఈ రెండు మాటలూ ఆరు చోట్ల ఉన్నాయి. ఆరూ తీసేయమని నా సలహా.

ఆయన సాధనను చెప్పడానికి 'మాస్టరీ' ఉంది. ఐరోపా వృత్తిసంఘాల్లో అప్రెంటిస్‌గా చేరి, తరువాత రోజుకూలికి పనిచేసే 'జర్నీమన్' అయి, చివరికి తన చేత్తో పూర్తి చేసిన ఒక వస్తువును పెద్దల ముందు పెట్టి మాస్టర్‌గా అంగీకారం పొందేవారు. ఆ వస్తువే 'మాస్టర్‌పీస్'. అత్యద్భుత కళాఖండం అనే అర్థం తరువాత వచ్చింది గానీ, మొదట అది అర్హత పరీక్ష. శ్రీకాళహస్తిలోనూ గురువు దగ్గర నేర్చుకుని, తొలిసారి సొంతంగా ఒక పెద్ద తెర పూర్తి చేయడం అటువంటి ఘట్టమే కాబట్టి మీరు ఆ పోలికను వాడుకోవచ్చు. వస్తువులో కనిపించే నేర్పుకు 'వర్క్‌మన్‌షిప్' అనండి. అది అచ్చంగా మన పనితనం. గుడ్డను చేతిలోకి తీసుకుని చూస్తే కనిపించేది 'వర్క్‌మన్‌షిప్', గీస్తున్న మనిషి పక్కన కూర్చుంటే కనిపించేది 'డెక్స్టెరిటీ'. గుడ్డలో 'డెక్స్టెరిటీ' ఉండదు. ఆయన్ను 'ఆర్టిస్ట్' అనాలా 'ఆర్టిసాన్' అనాలా అన్నది వ్యాసకర్త ఇష్టమని కొందరంటారు. నేను మాత్రం ఆయన్నే అడిగి, ఆయన చెప్పిన మాటనే రాయమంటాను. చేసే పని ఒకటే అయినా ఇంగ్లీషులో ఈ రెండు మాటలకు దక్కే గౌరవం ఒకటి కాదు.

మిగిలినవాటి గురించి క్లుప్తంగా చెబుతాను. 'ప్రావెస్' పాత ఫ్రెంచి శూరత్వం నుంచి వచ్చింది. ఆటగాడికీ యోధుడికీ సరిపోతుంది, కలం పట్టినవాడికి నప్పదు. 'ఫినెస్' సున్నితమైన పనికి బాగుంటుంది. 'ఫ్లెయిర్' మూలంలో వాసన పసిగట్టే శక్తి, అందువల్ల అది రంగుల ఎంపిక వంటి సహజ అభిరుచికి చెందుతుంది. 'ప్రొఫిషెంట్', 'కాంపిటెంట్' దరఖాస్తు ఫారాల మాటలు. రెండోది ఫరవాలేదు అన్నంత చిన్న మెచ్చుకోలు కాబట్టి ఒక కళాకారుణ్ణి అలా అనకూడదు.

ఇప్పుడు మీ వ్యాసంలో అన్నిటికంటే ముఖ్యమైన నాలుగో పేరా, ఆయన గీస్తున్న దృశ్యం. అక్కడ మీరు 'గ్రేట్ స్కిల్ అండ్ డెక్స్టెరిటీ' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చదివేవారికి ఏమీ కనిపించలేదు. ఆ క్షణంలో నిజంగా ఏమి జరుగుతుందో గుర్తు తెచ్చుకోండి. చేతిలో ఒక వెదురు పుల్ల ఉంది. మొన చెక్కి ఉంది, మొనకు కొంచెం పైన గుడ్డపీలికో ఉన్నిదారమో చుట్టి దారంతో బిగించి ఉంది. ఇనుప ముక్కలూ బెల్లమూ నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవంలో దాన్ని ముంచితే ఆ చుట్ట ద్రవాన్ని పీల్చుకుంటుంది. వేళ్లు ఆ చుట్టను ఎంత నొక్కితే అంత ద్రవం మొనకు దిగుతుంది. కరక్కాయ, గేదెపాలతో తడిపి ఆరబెట్టిన నూలుగుడ్డను ఆ ద్రవం తాకగానే కరక్కాయలోని వగరుతో కలిసి నల్లబడుతుంది, పాలలోని కొవ్వు ఆ గీతను పక్కకు పాకనివ్వదు. ఒకసారి పడిన గీత చెరిగిపోదు.

ఈ దృశ్యంలో ఏ నేర్పు ఎక్కడ ఉందో విడదీసి చూడండి. చుట్టను నొక్కే వేళ్ల ఒత్తిడి, గీత సన్నబడవలసిన చోట ఆ ఒత్తిడి తగ్గించడం 'డెక్స్టెరిటీ'. కనురెప్ప గీత ఒక్క ఊపులో వచ్చి ఆగిన తీరు 'డెఫ్ట్'. పాల పాళ్లు ఎంత ఉండాలో, గుడ్డ ఆరింది లేనిదీ వేలితో తాకి చెప్పగలగడం అసలైన, పాత అర్థంలోని 'స్కిల్'. పూర్తయిన తెర మీద పదహారు ముఖాలు ఉంటే పదహారింటిలోనూ గీత తడబడకపోవడం 'వర్క్‌మన్‌షిప్'. తరువాత స్వర్ణముఖి నీళ్లలో గుడ్డను జాడించే ఇద్దరు మనుషుల పనికి ఏ గుణవాచకమూ అక్కరలేదు, వాళ్లు గుడ్డను ఎలా పట్టుకున్నారో, ప్రవాహానికి ఎటు వదిలారో రాస్తే చాలు. నేర్పును చెప్పే నామవాచకం కంటే చేయి చేసిన పనిని చెప్పే క్రియ ఎప్పుడూ బలమైనది. మీరు ఈ పేరాను ఇలా తిరగరాస్తే ఆ పద్నాలుగు 'స్కిల్'లలో మూడో నాలుగో మిగులుతాయి, వాటి చోట వేరే మాటలు వెతకవలసిన అవసరం కూడా రాదు.

చివరగా, తోటి పనివారు ఆ పెద్దాయన గురించి, ఆయన కలిపితేనే నలుపు కుదురుతుంది, ఆయన హస్తవాసి అటువంటిది అన్నారని రాసి, హస్తవాసికి ఇంగ్లీషు ఏమిటని అడిగారు. వైద్యుడి విషయంలో 'హీలింగ్ టచ్' అని కొంత దగ్గరగా చెప్పవచ్చు. మొక్కల విషయంలో బ్రిటిష్‌వారు 'గ్రీన్ ఫింగర్స్' అంటారు, అమెరికావారు 'గ్రీన్ థంబ్' అంటారు. ఏ చేయి తాకితే ఏ పని కలిసివస్తుందన్న నమ్మకాన్ని మొత్తంగా చెప్పే ఒక్క మాట ఇంగ్లీషులో లేదు. 'లక్కీ హ్యాండ్' అంటే జూదంలో చేతికి వచ్చిన పేకముక్కలు గుర్తుకొస్తాయి. కాబట్టి హస్తవాసి అనే మాటను ఇంగ్లీషు లిపిలో అలాగే ఉంచి, కొన్ని చేతులు తాకినదల్లా కుదురుతుందని ఇక్కడివారు నమ్ముతారని ఆ వాక్యంలోనే ఒక చిన్న ఉపవాక్యంగా చెప్పండి. ఆ మాట అన్నది ఎవరో కూడా రాయండి. రంగు గిన్నె పక్కన నిలబడి, నలభై ఏళ్లుగా ఆ నలుపును చూస్తున్న మనిషి అన్నాడని మీ చిత్తుప్రతిలో ఉంది, దాన్ని ఎందుకో కొట్టేశారు.